చరిత్ర చదువుకి జామీను

రామంతాపూర్,
3 ఫిబ్రవరి 2025

చిరంజీవి కౌముదికి,

మామయ్య సుందరరావు దీవెనలు. ఇక్కడ మీ అత్తయ్య, నేను, నా మోకాలు ముగ్గురం ఒకళ్ళతో ఒకళ్ళం సర్దుకుపోతున్నాం.

తార్నాకలో ఉన్న మేనకోడలికి రామంతాపూర్ నుంచి ఉత్తరం ఏమిటి, ఆటో ఎక్కితే వచ్చేస్తారు కదా అనుకుంటావు. ఫోను చేస్తే "క్లాసులో ఉన్నా మామయ్యా, సాయంత్రం చేస్తా" అంటావు. ఏ సాయంత్రమో చెప్పవు. నేను బ్యాంకులో పనిచేసి రిటైరైనవాణ్ణి. కాగితం మీద అడిగినదానికి కాగితం మీద జవాబు వచ్చి తీరుతుందని నా నమ్మకం.

విషయం నీ చదువు అప్పు. పుణెలో ఆ ప్రైవేటు కాలేజీలో నువ్వు బి.ఏ. చరిత్రలో చేరినప్పుడు మీ నాన్న బ్యాంకులో ఆరు లక్షలు అప్పు తీసుకున్నారు. జామీను సంతకం నాది. తరవాత ఇక్కడికి వచ్చి యూనివర్సిటీలో ఎమ్మే చేరావు. అదీ చరిత్రే. జూన్‌కి అయిపోతుంది. ఆపైన ఏడాదికి కిస్తీలు మొదలవుతాయని బ్యాంకువాళ్ళు నాకొక కాగితం పంపారు. అది చూశాక నాకో సందేహం పట్టుకుంది. కోపం కాదు సుమా, ఒట్టి సందేహం.

సర్వీసులో నేను గేదెలకి అప్పులిచ్చాను, నీళ్ళ మోటార్లకిచ్చాను, తుని దగ్గర ఒకాయనకి బ్యాండు మేళానికి కూడా ఇచ్చాను. గేదె అయితే పూటకెన్ని పాలు, వట్టిపోయేది ఎన్నాళ్ళు, దాణా ఖర్చెంత అని అడిగేవాణ్ణి. బ్యాండు మేళానికైతే ఆ ఏడాది పెళ్ళి ముహూర్తాలెన్నో పంచాంగం తెప్పించి చూసి మరీ ఇచ్చాను. నీ కాగితం మీద సంతకం పెట్టిన రోజు మాత్రం ఏమీ అడగలేదు. మేనకోడలివి కదా. ఇప్పుడు అడుగుతున్నాను. చరిత్ర ఎన్ని పాలిస్తుందమ్మా?

నిజంగా తెలియకే అడుగుతున్నాను. నలుగురిని విచారించి రాయి.

జవాబు కోసం గేటు దగ్గర పోస్టుడబ్బా కడిగించి ఉంచిన,
మామయ్య

తా.క.: ఊరికే చెబుతున్నాను. బ్యాండు మేళం ఆఖరి కిస్తీతో సహా తీర్చింది. ఎగ్గొట్టినవి గేదెలే.


తార్నాక,
8 ఫిబ్రవరి 2025

మామయ్యకి కౌముది నమస్కారాలు.

మీ ఉత్తరాన్ని మా హాస్టల్ ఓనరు కమలాదేవి ఆంటీ రెండు చేతులతో పట్టుకొచ్చి ఇచ్చింది. "ఏంది బిడ్డా, కోర్టు నోటీసా?" అని అడిగింది. చేత్తో రాసిన ఉత్తరం ఈ హాస్టల్‌కి రావడం ఇదే మొదలట.

మీ ప్రశ్న న్యాయమైనదే. అందుకే క్యాంటీన్‌లో, లైబ్రరీ మెట్ల మీద కనబడినవాళ్ళనల్లా అడిగాను. మా సీనియర్ ఒకమ్మాయి డిగ్రీ కాలేజీలో గంటకింత అని పాఠాలు చెబుతోంది. గంటలు నడుస్తున్నాయి గాని డబ్బులు నడవడం లేదు. ఇంకో అన్న ఏళ్ళ తరబడి గ్రూప్స్‌కి చదువుతున్నాడు. నోటిఫికేషన్ వస్తే పరీక్ష వాయిదా పడుతుంది, పరీక్ష జరిగితే కోర్టు కేసు పడుతుంది. మాలో బాగా సంపాదిస్తున్నది ఒక్కతే, గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉంది. చరిత్ర ఏమైనా పనికొస్తోందా అని అడిగితే "ఆఫీసులో గొడవైనప్పుడు పాత మెయిల్స్ తవ్వితీయడానికి" అంది.

కాబట్టి పాల లెక్క నాకు తెలియలేదు మామయ్యా. తెలియదని రాయడానికి సిగ్గుగా ఉంది, కాని తెలిసినట్టు రాస్తే అబద్ధమవుతుంది.

ఇక నా సంగతి. ప్రస్తుతం బాలరాజు గారి అప్పుల్లో పీకల్దాకా మునిగి ఉన్నాను. పొద్దున వెళితే సాయంత్రం దాకా ఆయనతోనే. మొదట్లో ఆయన మాట ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు, అంతా ఉర్దూ, పార్సీ కలిపి. ఇప్పుడు అలవాటయింది. వడ్డీ మీద వడ్డీ పెరిగిపోతోంది, ఎలా బయటపడతారో తెలియడం లేదు. పాపం, మంచి మనిషి. ఆయన్ని సగంలో వదిలేయడానికి మనసొప్పడం లేదు.

పాల లెక్క చెప్పలేకపోయిన,
కౌముది

తా.క.: అత్తయ్య పంపిన గోంగూర పచ్చడి రుచి చూస్తానని కమలాదేవి ఆంటీ తీసుకెళ్ళింది. సీసా శుభ్రంగా కడిగి తిరిగిచ్చింది.


రామంతాపూర్,
12 ఫిబ్రవరి 2025

చి. కౌముదికి,

దీవెనలు. నీ ఉత్తరంలో మొదటి పేజీ చదివి దిగులు పడదామనుకున్నాను. రెండో పేజీ చదివాక మొదటి పేజీ మరిచిపోయాను.

బాలరాజు గారెవరమ్మా?

నేను పాతకాలం మనిషినే గాని చాదస్తుణ్ణి కాదు. కులం అడగను, గోత్రం అడగను. సిబిల్ స్కోరు మాత్రం అడుగుతాను. వయసెంత? ఏం ఉద్యోగం? అప్పు బ్యాంకుదా, బయటివాళ్ళదా? వడ్డీ ఎంత? ఇంట్లో ఎవరెవరున్నారు? అప్పుల్లో నువ్వు మునిగి ఉన్నానన్నావు. మునగడం మాటవరసకేనా, ఎక్కడైనా సంతకం పెట్టావా?

మంచి మనిషి అన్నావు. నా సర్వీసులో నేను చూసిన మొండిబాకీదారులందరూ మంచి మనుషులే. టీ ఇవ్వకుండా పంపేవాళ్ళు కాదు.

నిన్ను తప్పుపట్టడం లేదు. తెలుసుకోవాలని అడుగుతున్నాను. అన్నీ వివరంగా రాయి, ఏదీ దాచకు.

మనసు కుదుటపడని,
మామయ్య

తా.క.: అత్తయ్యకి చెప్పలేదు. ఎవరి ఉత్తరమంటే గ్యాసు కంపెనీది అన్నాను. గ్యాసు కంపెనీ చేత్తో రెండు పేజీలు రాసిందా అని అడిగింది. సబ్సిడీ గురించి అన్నాను.


తార్నాక,
16 ఫిబ్రవరి 2025

మామయ్యకి,

కౌముది బోలెడన్ని నమస్కారాలు. మీ ఉత్తరం నాకెంత సంతోషం కలిగించిందో చెప్పలేను. బాలరాజు గారి గురించి ఇంత శ్రద్ధగా అడిగినవాళ్ళు మన ఇంట్లో ఎవరూ లేరు. అమ్మ దగ్గర ఆయన పేరెత్తితే "తిన్నావా?" అంటుంది. మీ సిబిల్ స్కోరు చమత్కారం మా గైడ్‌కి చదివి వినిపించాను. కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వారు.

మీరడిగినవన్నీ చెబుతాను. వయసు యాభై దాటింది. ఉద్యోగం సర్కారుదే, గుమాస్తాగిరీ. పేరు పెద్దది గాని పదకొండు నెలలుగా జీతం రాలేదు. ఖజానాలో డబ్బు లేదంటున్నారు. అయినా రోజూ ఆఫీసుకి వెళతారు, అదే నాకు వింతగా ఉంటుంది. రెండిళ్ళు. పెద్దావిడకి ఐదుగురు పిల్లలు. కార్వాన్‌లో ఉండే రెండో ఆవిడ గురించి ఆయన ఎక్కువ చెప్పరు, ఆవిడకి పంపే బియ్యం గురించి మాత్రం చెబుతారు. అప్పు బేగంబజార్ సాహుకారు దగ్గర, నూటికి నెలకి మూడు రూపాయలు. ఈ మధ్య ఆ సాహుకారు ఒక పఠానుని పంపాడు, బాకీ తీరేదాకా గుమ్మంలో కూర్చోమని. లోపలివాళ్ళు బయటికి రావడానికి లేదు. ఇంట్లో పిల్లలు పస్తులున్నా ఆ పఠానుకి మాత్రం వీళ్ళే అన్నం పెట్టాలి. అది రివాజు.

అందరూ ఆయన్ని ఎగవేతదారు అంటారు. కాదని నేను రుజువు చేస్తాను. అన్నీ కుదిరితే ఇంకో మూడు నాలుగేళ్ళు ఆయనతోనే గడపాలని ఉంది. అమ్మకీ నాన్నకీ ఇంకా చెప్పలేదు. మీరే సమయం చూసి చెప్పాలి.

ఒక చిక్కుంది. తార్నాక చౌరస్తా దగ్గర గ్రూప్స్ కోచింగ్ సెంటర్ నడిపే నరేందర్ సర్ చరిత్ర చెప్పే మనిషి కోసం వెతుకుతున్నారు. నెలకి ముప్పై వేలు ఇస్తారట. కాని రోజంతా అక్కడే ఉండాలి. చేరితే ఎమ్మే ఆఖరి సెమిస్టర్ గాలికి, బాలరాజు గారూ గాలికే. ఆలోచిస్తున్నాను.

మీ అభిమానానికి పొంగిపోయిన,
కౌముది

తా.క.: సంతకం పెట్టావా అని అడిగారు. రోజూ పెడతాను. లోపలికి వెళ్ళేటప్పుడు ఒకటి, బయటికి వచ్చేటప్పుడు ఒకటి.


రామంతాపూర్,
20 ఫిబ్రవరి 2025

కౌముదీ,

దీవెనల సంగతి తరవాత. ముందు సంతకాలు ఆపు.

నెలకి మూడంటే ఏడాదికి ముప్పై ఆరు. అది వడ్డీ కాదు, దోపిడీ. ఇంకో మాట. ఆ పఠానుకి అన్నం పెట్టొద్దు. బాకీ వసూలుకి వచ్చేవాళ్ళు పొద్దున ఎనిమిదికి ముందు, సాయంత్రం ఏడు దాటాక గుమ్మం తొక్కకూడదని రిజర్వ్ బ్యాంకు నిబంధన ఉంది. ప్రింటు తీసి తెస్తాను, ఆ సాహుకారుకి చూపించండి.

అమ్మడూ, చరిత్ర పాలిస్తుందా లేదా అని నేను అడగడమే తప్పయింది. ఆ నరేందర్ గారెవరో దేవుడిలా ఉన్నాడు. రేపే వెళ్ళి చేరిపో. ముప్పై వేలు తక్కువేం కాదు. చదువు మళ్ళీ చదువుకోవచ్చు. యాభై దాటినవాడు, రెండిళ్ళవాడు, జీతం రానివాడు, గుమ్మంలో పఠాను ఉన్నవాడు! ఆయనతో మూడు నాలుగేళ్ళు గడుపుతానని మీ అమ్మకి నన్ను చెప్పమంటున్నావు. మా చెల్లెలి ముందు నోరు తెరిచి ఆ మాట ఎలా అననమ్మా?

సోమవారం పదకొండింటికి నేను, అత్తయ్య మీ హాస్టల్‌కి వస్తున్నాం. బాలరాజు గారిని కూడా రమ్మను. మర్యాద తప్పను. అత్తయ్యకి కారణం చెప్పలేదు, నిన్ను చూడాలనుంది అన్నాను. తార్నాక అనగానే పట్టుచీర తీసి ఇస్త్రీకి ఇచ్చింది. ఎందుకో నాకు తెలియలేదు, అడిగే ఓపికా లేదు.

నిద్ర లేని,
మామయ్య

తా.క.: అర్జెంటని స్పీడ్ పోస్టు చేద్దామని వెళ్ళాను. క్యూ చాలా పొడుగ్గా ఉంది. ఎర్రడబ్బాలో వేశాను.


తార్నాక,
25 ఫిబ్రవరి 2025

మామయ్యకి,

నవ్వాలో ఏడవాలో తెలియని కౌముది నమస్కారాలు. మీ ఉత్తరం నిన్న సాయంత్రం చేరింది. మీరు అప్పటికే వచ్చి వెళ్ళిపోయారు. నేను పగలంతా పాత దస్తావేజుల ఆఫీసులో ఉన్నాను. అక్కడ ఫోను లాకరులో పెట్టి లోపలికి వెళ్ళాలి. బయటికి వచ్చి చూస్తే అన్నీ మీ మిస్డ్ కాల్సే.

జరిగింది కమలాదేవి ఆంటీ చెప్పింది. ఆమె మాటల్లోనే రాస్తున్నాను.

"మీ మామ గేటు కాడ నిలబడి బాలరాజు ఉన్నడా అన్నడు. ఇది లేడీస్ హాస్టల్ సార్, మొగోళ్ళు ఉండరు అన్న. మరి యాడుంటడు అన్నడు. గీడనే, తార్నాకల పాత కాగితాల ఆఫీసుల ఉంటడు అన్న. అక్కడేం చేస్తడు అన్నడు. ఏం చేస్తడు సార్, బీరువల ఉంటడు అన్న. పాపం, సార్ మొకం తెల్లబడ్డది. గప్పుడు సమజైంది నాకు. బాలరాజు సచ్చి నూటయాభై ఏండ్లు దాటింది సార్, కౌముది ఆయన మీదనే పుస్తకం రాస్తున్నది అన్న. అరుగు మీద కూసున్నడు. నీళ్ళిచ్చిన. తాగి, జర సేపటికి 'మరి అప్పు?' అన్నడు."

మామయ్యా, తప్పు నాదే. ఎమ్మే ఆఖర్లో ఒక చిన్న పరిశోధన రాయాలి. పాత హైదరాబాదులో జీతాలు అందని ఉద్యోగులు అప్పులతో ఎలా బతికారన్నది నేను తీసుకున్న విషయం. బాలరాజు అనే గుమాస్తా సర్కారుకి పెట్టుకున్న అర్జీల కట్ట ఒకటి దొరికింది. పార్సీ నేర్చుకుంటూ అది చదువుతున్నాను. రోజూ చదివే మనిషి గురించి ఉన్నాడనే మాట్లాడతాం, మా క్లాసులో అందరికీ అదే అలవాటు. మూడు నాలుగేళ్ళన్నది పీహెచ్‌డీ గురించి. రోజూ పెట్టేది ఆఫీసు రిజిస్టర్లో సంతకం.

మీ ఉత్తరం చదివి మొదట పడీపడీ నవ్వాను. రెండోసారి చదివితే నవ్వు రాలేదు. మోకాలు నొప్పితో, నిద్ర లేకుండా, రిజర్వ్ బ్యాంకు కాగితం జేబులో పెట్టుకుని మీరు వచ్చింది జామీను కోసం కాదు, నా కోసం. కిస్తీలు మొదలైతే కట్టాల్సింది నాన్న. ఆయనకి ఇంకో రెండేళ్ళే సర్వీసు. ఇంతమందిని ఇంత కంగారుపెట్టి నేను చూస్తున్నది ఎప్పుడో పోయిన మనిషి ఇంటి గుమ్మం. మీరడిగిన ప్రశ్నకి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. అందుకని నరేందర్ సర్‌కి పదో తారీఖు నుంచి వస్తానని చెప్పేశాను.

కట్ట తిరిగిచ్చేస్తాను. జీతం రాని ఆఫీసుకి ఆ మనిషి పదకొండు నెలలు రోజూ ఎందుకు వెళ్ళాడో, అదొక్కటి తెలుసుకుందామనుకున్నాను. పోనీలెండి.

మీ మాట విన్న,
కౌముది

తా.క.: కమలాదేవి ఆంటీ అడగమంది. మీరు అరుగు మీద నీళ్ళు తాగుతుండగా పట్టుచీర కట్టుకున్న అత్తయ్య ఎవరినీ దారి అడక్కుండా క్యాంపస్ వైపు నడిచి వెళ్ళిపోయిందట. ఎక్కడికి వెళ్ళారు?


రామంతాపూర్,
3 మార్చి 2025

చి. కౌముదికి,

మామయ్య దీవెనలు, క్షమాపణలు కూడా. ఏది ఏ వాక్యానికో నువ్వే చూసుకో.

ముందు కమలాదేవి గారి ప్రశ్నకి జవాబు. నీళ్ళు తాగి తల తిప్పితే మీ అత్తయ్య లేదు. ఆవిడ ఫోను చూస్తే నా చేతిలోనే ఉంది. ఆటో ఎక్కి క్యాంపస్ అంతా తిరిగాను. చివరికి ఆర్ట్స్ కాలేజీలో, మీ చరిత్ర డిపార్ట్‌మెంట్‌లో, జరుగుతున్న క్లాసులో ఆఖరి బెంచీ మీద కూర్చుని ఉంది. పాఠం చెప్పే కుర్ర లెక్చరర్ ఆమెని ఎవరో తనిఖీకి వచ్చిన పెద్దావిడ అనుకున్నట్టున్నాడు, గొంతు పెంచి మహా జోరుగా చెబుతున్నాడు.

బయటికి వచ్చాక అడిగాను. "ఇక్కడికెలా వచ్చావు?"

"నడిచి."

"దారెవరు చెప్పారు?"

"రెండేళ్ళు రోజూ నడిచిన దారి. ఒకరు చెప్పాలా?"

మీ అత్తయ్య ఎమ్మే అని నాకు తెలుసు. తెలుగులో ఎమ్మే అనుకున్నాను. కిరాణా చీటీలో కూడా నా అక్షరదోషాలు దిద్దుతుంది కాబట్టి అలా అనుకున్నాను. ఆవిడ చేసింది చరిత్రలోనట. ఆ మెట్ల మీదే కూర్చుని పరీక్షలకి చదివిందట. ఇన్నేళ్ళు ఎందుకు చెప్పలేదంటే ఇలా అంది: "మీరు అడగలేదు. పెళ్ళిచూపుల్లో ఎమ్మే అనగానే మీ నాన్నగారు వంటొచ్చా అన్నారు. మాట అటు పోయింది."

ఇంకో సంగతి చెప్పనా? గ్యాసు కంపెనీ ఉత్తరాలన్నీ ఆవిడ చదివింది. బీరువాలో బ్యాంకు పాసుపుస్తకాల కింద దాచాను. నేను దాచేచోటు అదొక్కటేనట. "పదకొండు నెలల జీతం బాకీ, గుమ్మంలో పఠాను అని చదవగానే ఏ కాలమో తెలిసింది" అంది. మరి నేను నిద్ర మానేసి రిజర్వ్ బ్యాంకు నిబంధనలు ప్రింటు తీయిస్తుంటే చెప్పొద్దా అన్నాను.

"చెబితే తార్నాక ప్రయాణం మానేసేవారు" అంది. "చూసి చాలా కాలమైంది."

ఇద్దరం క్యాంటీన్‌లో టీ తాగాం. ఆవిడ అక్కడ ఉన్న చెట్లూ, లేని చెట్లూ చూపిస్తుంటే చూశాను.

నీ ఉత్తరం శుక్రవారం వచ్చింది. ఈసారి దాచకుండా పైకి చదివాను. ఆవిడ బెండకాయలు తరుగుతూ వింది. కట్ట తిరిగిచ్చేస్తాను అన్నచోట కత్తి ఆగింది. నేను ఉండబట్టలేక అడిగాను, నిన్ను అడిగినదే. "ఇన్నేళ్ళలో ఆ చదువు నీకేమిచ్చింది విశాలాక్షీ?"

కత్తి పక్కన పెట్టి చెప్పింది. "ఎవరేం చెప్పినా వీళ్ళకెలా తెలుసు, ఎందుకు చెబుతున్నారు అని లోపల అడుక్కుంటాను. పేపరు చదివినా అంతే, మీ అక్కయ్యలు చాడీ చెప్పినా అంతే. అందుకే ఈ ఇంట్లో పెద్ద గొడవలు జరగలేదు. మీరు అది నా మంచితనం అనుకున్నారు."

శనివారం పొద్దున పనుందని బయటికి వెళ్ళింది. మధ్యాహ్నానికి నాకొక ఫోను వచ్చింది. అవతల నరేందర్ గారు. "సార్, మేడం పావుగంట డెమో క్లాసు చెప్తా అని వచ్చిన్రు. పిల్లలు గంటన్నర అయినా వదులుతలేరు. ఇన్నేండ్లు మేడం ఏ కాలేజీల చేసిన్రు సార్?"

మా ఇంట్లో అన్నాను. ఇంకేం చెప్పను?

కాబట్టి అసలు విషయానికి వస్తున్నాను. నువ్వు పదో తారీఖున చేరక్కర్లేదు. ఆ ఉద్యోగం లేదు. మీ అత్తయ్య తీసుకుంది. ఇవాళే మొదటి రోజు. పొద్దున్నే మెట్రోలో వెళ్ళడానికి కార్డు కూడా కొనుక్కుంది. నువ్వు నిష్ఠూరపడతావేమో అన్నాను. "నాలాగా నలభై ఏళ్ళాగి చేరమనండి, అప్పుడు ఖాళీ చేస్తాను" అంది.

నీ అప్పు ఎక్కడికీ పోలేదు. అది ఉంది, నా జామీనూ ఉంది. ఏడాది గడువుంది. ఆ ఏడాదిలో ఏమవుతుందో నాకు తెలియదు. తెలియదని రాయడానికి నీకు సిగ్గేసిందన్నావు, నాకిప్పుడు వేయడం లేదు. సెమిస్టర్ పూర్తి చెయ్. కట్ట తిరిగివ్వకు.

బాలరాజు రోజూ ఆఫీసుకి ఎందుకు వెళ్ళాడన్నది నన్ను కూడా తినేస్తోంది. హాజరు తప్పితే పాత బాకీ జీతం కూడా పోతుందని వెళ్ళి ఉంటాడని నా ఊహ. ఉద్యోగస్తుణ్ణి కదా, నేనైతే అందుకే వెళతాను. మీ అత్తయ్యకి చెబితే "ఆధారం?" అంది. లేదన్నాను. అయితే కౌముది దగ్గరికి వెళ్ళి వెతకండి, ఇంట్లో కూర్చుని ఊహించకండి అంది. బయటివాళ్ళని ఆ ఆఫీసులోకి రానిస్తారా? రానిస్తే ఏ గేటు దగ్గర సంతకం పెట్టాలో రాయి.

కుక్కర్ మూడో కూత కోసం పక్కనే నిలబడి రాస్తున్న,
మామయ్య

తా.క.: జీతం ముప్పై వేలేనా అని మీ అత్తయ్యని అడిగాను. బేరమాడానంది. ఎంతకి కుదిరిందంటే చెప్పదు. ఏం చదివావని నలభై ఏళ్ళు అడగని మనిషి, ఎంతిస్తున్నారని మాత్రం మొదటిరోజే అడుగుతున్నాడంది.